పెన్సిల్ గుర్తు

తొమ్మిదేళ్లుగా వాణ్ని టైస్టో అని పిలుస్తున్నాను.
మా అమ్మమ్మ మాట్లాడిన ఫిన్నిష్‌లో యుద్ధమని అర్థం.
బూటు లేసంత ఉన్నప్పుడు కొన్న మొక్కజొన్న పాము.
మగదన్నాడు అమ్మినవాడు,
నేనూ మళ్లీ అడగలేదు.

మార్చి, మంగళవారం, థండర్ బేలో మైనస్ ఇరవై రెండు.
స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చి లైటు వేస్తే
నాచు డబ్బాలో పదకొండు గుడ్లు,
ఒకదాన్నొకటి అంటుకుని.
టైస్టో వాటి చుట్టూ చుట్టుకుని
అద్దె బాకీ పడ్డ మనిషిలా
అటు తిరిగి పడుకున్నాడు.
పడుకుంది.
పాము కాళ్లు పాముకెరుక.

పశువుల ఆసుపత్రి మిర్యమ్‌కి ఫోన్ చేశాను.
'మగపాము ఎప్పుడైనా కలిసిందా?'
'ఈ ఇంట్లోకి రెండో పామే రాలేదు.'
కాసేపు అటువైపు మాట లేదు.
'ఒక్కోసారి జరుగుతుంది. చాలావరకు మురిగిపోతాయి.
పారేసేముందు దీపానికి పట్టి చూడు.
పైది కిందికి మాత్రం తిప్పకు, లోపలి ప్రాణం మునిగిపోతుంది.'

బస్సెక్కే పిల్లలకు టిక్కులు పెట్టే పెన్సిల్‌తో
ప్రతి గుడ్డు నెత్తినా ఒక చిన్న ఇంటూ.
తోలులా మెత్తగా ఉందేమో
గీత లోతుకు దిగుతుందని చెయ్యి వణికింది.

బాత్రూంలో లైటు తీసేసి
మంచుమీద చేపలు పట్టేనాటి టార్చి వెలిగించాను.
మొదటిది పేరిన నెయ్యి.
రెండోదీ అంతే.
మూడు, నాలుగు, ఐదు: ఒట్టి పసుపు.
ఆరో గుడ్డులో
ఎండ తగిలిన సరస్సు గడ్డమీద పగుళ్లలా
సన్నగా, ఎర్రగా, చీలుతూ చీలుతూ పోయిన దారులు.
నేను ఊపిరి బిగపట్టాను,
దానికేదో వినబడుతుందన్నట్టు.

అలాంటివి నాలుగు తేలాయి.
మిగతా ఏడింటినీ మూడు రోజులు పారేయలేకపోయాను.
ఆ తర్వాత వాసనే నిర్ణయించింది.

చేపల థర్మోకోల్ పెట్టె మూడుసార్లు కడిగాను.
పిడికిట పిండితే చుక్క రాలీ రాలనంత తడి మట్టి,
ఇరవై ఎనిమిది డిగ్రీలు,
సౌనా ముందుగదిలో బల్లమీద.
లోపల పొయ్యి రాజేస్తే పెట్టె ఉడుకుతుంది గనుక
ఇక రెండు నెలలు పొయ్యి బంద్.
శనివారం తువ్వాలు భుజాన వేసుకుని ఎస్కో వచ్చాడు.
'నాలుగు గుడ్ల కోసమా?'
'నాలుగు గుడ్ల కోసమే.'
తిట్టుకుంటూ పోయాడు.
పై శనివారం తువ్వాలు లేకుండా వచ్చాడు,
జేబులో సొంత టార్చి.

మీకు పిల్లలెంతమంది అని బస్సులో పిల్లలే అడుగుతారు.
నలభై రెండు అంటాను.
ఏప్రిల్లో కరెంటు పోయిన రాత్రి
పెట్టె చుట్టూ వేడినీళ్ల సీసాలు పేర్చి
కోటు తొడుక్కుని కూర్చున్నాను.
ఇరవై ఆరు. ఇరవై ఐదున్నర.
ఐదు గంటలు ఆ అంకెకేసే చూశాను.

ఒకదానికి బూజు పట్టింది.
ఒకటి లోపలికి కుంగి, బొప్పాయి తొక్కలా ముడుచుకుంది.
అరవై ఆరో రోజు
మూడోదాని మీద బ్లేడు గీసినంత చీలిక,
చీలికలోంచి ముక్కు.
ముక్కు మాత్రమే, ఒక పగలూ ఒక రాత్రీ,
బయటికి రావాలో వద్దో తేల్చుకోకుండా.
గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంటారే,
సరిగ్గా అలా నాలుక చాచింది.

నాలుగోది నిండుగా, నున్నగా, కదలకుండా ఉంది.
వారం ఆగి నేనే కత్తిరించాను.
అన్నీ ఉన్నాయి.
కళ్లు, వీపుమీద మచ్చలు, లెక్కపెట్టగల పొలుసులు.
పెంకు మీద పెన్సిల్ గుర్తు ఇంకా పైకే ఉంది.
నేను తిప్పలేదు.

టైస్టో ఎలుకను మింగి
ఏమీ జరగనట్టు నిద్రపోయింది.
ఎస్కో అడిగాడు, పిల్ల ఆడా మగా అని.
కట్టెలు పట్టుకురా అన్నాను.
ఈ రోజు శనివారం.